మార్చి రిపోర్టులో 118 వరుసలు ఉండాలి, 9 వస్తున్నాయి. తేదీల పోలిక ఎక్కడ తప్పుతోంది?

తొలిఅడుగు:
అందరికీ నమస్కారం. నోడ్ జేఎస్‌లో (అంటే జావాస్క్రిప్ట్‌లో) చిన్న రిపోర్టు రాస్తున్నాను. వేరే టీమ్ నుంచి 2024 సంవత్సరం మొత్తానికి ఒక సీఎస్‌వీ ఫైలు వచ్చింది. ప్రతి వరుసలో తేదీ, టైమ్ ఇలా ఉంటాయి: 31/03/2024 18:40. అంటే ముందు రోజు, తర్వాత నెల. ఆ స్ట్రింగ్‌ని, అంటే ఆ అక్షరాల వరుసని, నేరుగా న్యూ డేట్‌కి (జావాస్క్రిప్ట్‌లో తేదీ తయారుచేసేది) ఇచ్చి, పేజీలో ఎంచుకున్న "నుంచి", "వరకు" తేదీలతో పోలుస్తున్నాను. మార్చి 1 నుంచి 31 వరకు అడిగితే 9 వరుసలే వస్తున్నాయి. ఫైలుని ఎడిటర్‌లో తెరిచి /03/2024 అని వెతికితే 118 కనిపిస్తున్నాయి. ఎర్రర్ ఒక్కటీ లేదు, లాగ్ శుభ్రంగా ఉంది. రెండు రోజులుగా దీని మీదే కూర్చున్నాను. ఎల్లుండి డెమో, చాలా టెన్షన్‌గా ఉంది.

రాత్రిషిఫ్ట్:
వచ్చిన ఆ తొమ్మిది వరుసల తేదీలు ఇక్కడ పెట్టండి. స్క్రీన్ మీద కనిపించేవి కాదు, ఫైలులో ఎలా ఉన్నాయో అలాగే.

తొలిఅడుగు:
ఇవిగోండి:
03/01/2024 11:20
03/02/2024 09:05
03/02/2024 16:48
03/04/2024 10:30
03/06/2024 12:15
03/06/2024 17:02
03/09/2024 08:55
03/11/2024 14:10
03/12/2024 19:33
స్క్రీన్ మీద మాత్రం "2 మార్చి 2024", "4 మార్చి 2024" అని వస్తున్నాయి. అందుకే నాకు అనుమానం రాలేదు.

రాత్రిషిఫ్ట్:
మళ్లీ ఒకసారి చూడండి. అన్నీ 3వ తేదీలే. జనవరి 3, ఫిబ్రవరి 3, ఏప్రిల్ 3, జూన్ 3... మార్చి నెలది అందులో ఒక్కటి కూడా లేదు.

మీరిచ్చిన స్ట్రింగ్‌ని జావాస్క్రిప్ట్ నెల ముందు, రోజు తర్వాత అని చదువుతోంది. గీతలతో రాసిన ఇలాంటి తేదీని ఎలా చదవాలో భాష ప్రమాణంలో లేదు, ఇంజిన్ ఇష్టానికి వదిలేశారు. వాడుకలో ఉన్న ఇంజిన్లు నెలనే ముందు తీసుకుంటాయి. అందుకే ఫిబ్రవరి 3 కాస్తా మార్చి 2 అయి కూర్చుంది.

మరి అసలు మార్చి వరుసలు ఏమయ్యాయి? 15/03/2024 అని ఇస్తే 15వ నెల లేదు కాబట్టి "ఇన్వాలిడ్ డేట్" వస్తుంది. అది ఎర్రర్‌గా బయటపడదు, మామూలు ఆబ్జెక్ట్‌లాగే చేతికొస్తుంది, లోపల ఉన్న విలువ మాత్రం నాన్, అంటే "సంఖ్య కాదు". దాన్ని దేనితో పోల్చినా జవాబు ఫాల్సే. పెద్దదా? కాదు. చిన్నదా? కాదు. మీ ఫిల్టర్ నిశ్శబ్దంగా పక్కన పెట్టేస్తుంది. ఇక 05/03 లాంటివి మే నెలకు వెళ్లిపోయాయి.

లెక్క వేస్తే భయం వేస్తుంది. 2024లో 366 రోజులు. రోజు, నెల రెండూ 12 లోపు ఉండేవి 144. అందులో 01/01, 02/02 లాంటి 12 రోజులు మాత్రమే ఎటు చదివినా ఒకటే. మిగతా 132 రోజులు వేరే నెలకు మారిపోయాయి, 222 రోజులు మాయమయ్యాయి. ఏడాది మొత్తం మీద సరిగ్గా చదివింది 12 రోజులే.

తొలిఅడుగు:
చూడగానే ఒళ్లు జలదరించింది. నేను చేతితో టెస్ట్ చేసింది 05/05/2024తో. సరిగ్గా వచ్చింది కాబట్టి పార్సింగ్, అంటే స్ట్రింగ్‌ని తేదీగా చదవడం, బాగానే ఉందనుకుని, రెండు రోజులూ పోలిక దగ్గరే వెతికాను.

పైథాన్‌వాడుక:
మీకు ఇన్వాలిడ్ డేట్ అయినా వచ్చింది, వెతికితే దొరికేది. పైథాన్‌లో డేటా పట్టికలకు వాడే పాండాస్ లైబ్రరీ పాత వెర్షన్లు ఇంతకంటే ప్రమాదం. 2.0 రాకముందు ప్రతి వరుసనీ విడిగా ఊహించేది. 04/03ని ఏప్రిల్ 3 అని చదివి, కింది వరుసలో 15/03 రాగానే "ఇది నెల కాదు, రోజు అయి ఉంటుంది" అని తిప్పి మార్చి 15 చేసేది. ఒకే కాలమ్‌లో రెండు పద్ధతులు! ఏదీ ఖాళీగా ఉండదు, ఏదీ పోదు, మొత్తం లెక్క సరిపోతుంది. 2.0 నుంచి మొదటి విలువను బట్టి ఒక ఫార్మాట్ నిర్ణయించుకుని, దానికి కుదరనిది వస్తే ఎర్రర్ ఇస్తుంది. ఆ మార్పు వచ్చిన రోజు మా పాత స్క్రిప్టులు చాలా ఆగిపోయాయి. ఆగిన ప్రతి చోటా అంతకుముందు తప్పుడు తేదీలే వెళ్తున్నాయని అప్పుడు తెలిసింది.

ఏ భాషయినా సరే, ఊహించే పార్సర్‌కి ఫైలు అప్పగించకండి. ఫార్మాట్ మీరే చెప్పండి, కుదరకపోతే గట్టిగా అరిచేలా పెట్టండి.

జావా_పాతకాపు:
పైథాన్‌వాడుక గారి మాటకు నాదొక చేర్పు. ఫార్మాట్ చెప్పినా అక్షరాలు చూసుకోవాలి. జావాలో క్యాపిటల్ ఎం నెల, స్మాల్ ఎం నిమిషం. పైథాన్‌లో పర్సెంట్ గుర్తు పక్కన సరిగ్గా తిరగేసి ఉంటుంది: స్మాల్ ఎం నెల, క్యాపిటల్ ఎం నిమిషం. రెండు భాషల మధ్య తిరిగేవాళ్లకు ఇది రోజూ ఉండే గండం.

అన్నిటికంటే లోతుగా దాక్కునేది సంవత్సరం అక్షరం. జావాలో స్మాల్ వై నాలుగు పెడితే మామూలు సంవత్సరం. క్యాపిటల్ వై నాలుగు పెడితే వారాల లెక్క ప్రకారం సంవత్సరం. ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ రెండూ ఒకటే చూపిస్తాయి. 2024 డిసెంబర్ 30 సోమవారం. ఆ వారం 2025 మొదటి వారం కిందకి వస్తుంది. కాబట్టి క్యాపిటల్ వైతో రాసిన కోడ్ ఆ రోజుని 30 డిసెంబర్ 2025 అని అచ్చు వేస్తుంది, ఒక ఏడాది ముందుకి. నేను పనిచేసిన ఒకచోట ఇలాగే రసీదులన్నీ మరుసటి ఏడాది తేదీతో వెళ్లాయి. సెలవుల్లో ఉన్నవాళ్లని వెనక్కి పిలిచారు. కోడ్ రాసి పది నెలలు అయింది, పది నెలలూ సరిగ్గానే పనిచేసింది. దిద్దడానికి కీబోర్డు మీద ఒక్క షిఫ్ట్ తీసేస్తే సరిపోయింది.

ఇంకొకటి. జావాలో పాత సింపుల్ డేట్ ఫార్మాట్ క్లాస్ ఇంకా వాడుతున్నవాళ్లు మానేయండి. దాన్ని ఒక్కసారి తయారుచేసి ఒకేసారి నడిచే నాలుగు థ్రెడ్లు పంచుకుంటే ఒకరి తేదీ ఇంకొకరి చేతిలో పడుతుంది. పైగా ఫిబ్రవరి 31 ఇస్తే కాదనదు, మార్చిలోకి జారిపోతుంది. 2014లో జావా 8తో వచ్చిన కొత్త తేదీ క్లాసులకు ఈ రెండు జబ్బులూ లేవనే చెప్పాలి. ఫిబ్రవరి 31 విషయంలో మాత్రం జాగ్రత్త: స్ట్రిక్ట్ అని చెప్పకపోతే వాటి ఫార్మాటర్ దాన్ని నెల చివరి రోజుకి తెచ్చిపెడుతుంది. స్ట్రిక్ట్ అన్నప్పుడు సంవత్సరానికి వై బదులు యూ అక్షరం రాయాలి. ఇది తెలియక చాలామంది స్ట్రిక్ట్ పనిచేయట్లేదని తీసేస్తారు.

తొలిఅడుగు:
స్ట్రింగ్‌ని గీతల దగ్గర విడగొట్టి, సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం విడిగా ఇస్తున్నాను. నెలలోంచి ఒకటి తీశాను, జావాస్క్రిప్ట్‌లో జనవరి సున్నా కదా. ఇప్పుడు 112 వస్తున్నాయి. ప్రాణం లేచొచ్చింది. కానీ ఇంకా 6 లేవు.

డేటాబేస్_గూడు:
పోయినవాటిలో 31వ తేదీవి ఎన్ని?

తొలిఅడుగు:
ఫైలులో 31/03వి ఐదున్నాయి. ఐదూ రావట్లేదు.

డేటాబేస్_గూడు:
అనుకున్నాను. "వరకు 31" అని మనిషి అన్నప్పుడు 31 రాత్రి దాకా అని అర్థం. మెషీన్‌కి 31 అంటే ఆ రోజు మొదలయ్యే క్షణం. దానికంటే చిన్నవో సమానమో కావాలని అడిగితే, పగలు జరిగినవన్నీ బయటే ఉండిపోతాయి. ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ని అడిగే భాష) బిట్వీన్ వాడేవాళ్లు అందరూ ఒకసారైనా ఇక్కడ పడతారు.

చాలామంది దీనికి 23:59:59 అతికిస్తారు. వద్దు. ఆ సెకను లోపల మిల్లీసెకన్లు, మైక్రోసెకన్లు ఉంటాయి. 23:59:59.400కి వచ్చిన వరుస ఏ నెలలోనూ దొరకదు. సరైన దారి: మొదలు తేదీకి సమానం లేదా పెద్దది, చివరి తేదీ మర్నాటి కంటే చిన్నది. "ఏప్రిల్ 1 కంటే ముందు" అని అడిగితే ఆ నెలకు 30 రోజులా 31 రోజులా, లీపు సంవత్సరమా అనే గొడవే ఉండదు. ఒక నెల ముగిసిన చోటే రెండోది మొదలవుతుంది కాబట్టి ఏ వరుసా రెండుచోట్ల పడదు, ఏదీ జారిపోదు.

ఇదే పని డేటాబేస్‌లో చేస్తే, కాలమ్‌ని డేట్ ఫంక్షన్‌లో చుట్టి పోల్చకండి. మామూలుగా ఆ కాలమ్ మీద త్వరగా వెతకడానికి పెట్టుకున్న ఇండెక్స్ అప్పుడు పనికిరాదు, టేబుల్ మొత్తం చదువుతుంది. కాలమ్‌ని ముట్టుకోకుండా రెండువైపులా హద్దులు పెట్టండి.

తొలిఅడుగు:
"వరకు" తేదీకి ఒక రోజు కలిపి "దానికంటే చిన్నది" అని మార్చాను. 118! సరిగ్గా 118 వచ్చాయి. అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి.

టెస్టర్‌మనిషి:
ఆగండి, ఒక్క నిమిషం. లోపించినవి 6 అన్నారు, 31వ తేదీవి 5 అన్నారు. ఆరోది ఎలా వచ్చింది? లెక్క సరిపోయిందని వదిలేయకండి. తేదీల వారీగా వరసపెట్టి మొదటి వరుస, చివరి వరుస ఫైలుతో పోల్చి చూడండి.

తొలిఅడుగు:
మీరు చెప్పింది నిజమే. 01/03/2024 02:15 అని ఫైలులో ఉన్న మొదటి వరుస నా రిపోర్టులో లేదు. చివర్లో 01/04/2024 03:50 అని ఏప్రిల్‌ది ఒకటి వచ్చింది. ఒకటి పోయి ఒకటి చేరింది, అందుకే 118. ఇలా ఎలా జరిగింది?

రాత్రిషిఫ్ట్:
పేజీలో తేదీ ఎంచుకునే పెట్టె మీకు 2024-03-01 అనే స్ట్రింగ్ ఇస్తుంది. దాన్ని న్యూ డేట్‌కి ఇచ్చారు కదా? మీ మెషీన్ గడియారం యూటీసీకి (ప్రపంచమంతటికీ ప్రామాణిక సమయం) ఎంత దూరంలో ఉంది?

తొలిఅడుగు:
అవును, అలాగే ఇచ్చాను. యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు.

రాత్రిషిఫ్ట్:
అక్కడే ఉంది. జావాస్క్రిప్ట్ 2024-03-01 అని తేదీ ఒక్కటే ఇస్తే యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది. అదే తేదీ పక్కన టీ అక్షరం పెట్టి 00:00 అని టైమ్ కూడా ఇస్తే, మెషీన్ ఉన్నచోటి అర్ధరాత్రి అనుకుంటుంది. టైమ్ రాస్తే ఒక అర్థం, రాయకపోతే ఇంకో అర్థం. మీ మార్చి 1 ఉదయం 5:30కి మొదలై, ఏప్రిల్ 1 ఉదయం 5:30కి ముగిసింది. 02:15 బయట పడింది, 03:50 లోపలికి వచ్చింది. ఫైలు వైపు విడిభాగాలుగా ఇచ్చారు కాబట్టి అవి స్థానిక సమయంలో ఉన్నాయి. పోలిక తప్పు కాదు, పోలుస్తున్న రెండూ వేర్వేరు గడియారాలవి.

యూటీసీకి పడమర ఉన్నవాళ్లకు ఇదే తప్పు ఇంకోలా బయటపడుతుంది. వాళ్ల స్క్రీన్ మీద మార్చి 1 ఎంచుకుంటే ఫిబ్రవరి 29 అని చూపిస్తుంది. తూర్పున ఉన్నవాళ్లకు అలా కనిపించదు, అందుకే మనకు ఆలస్యంగా దొరుకుతుంది. మనం దెబ్బతినేది వెనక్కి వెళ్లేటప్పుడు: స్థానిక అర్ధరాత్రిని ఐఎస్‌ఓ స్ట్రింగ్‌గా (2024-03-01 లాగా మొదలయ్యే రూపం, యూటీసీలో వస్తుంది) మార్చి మొదటి పది అక్షరాలు కోసుకుంటే ముందు రోజు వస్తుంది.

పైథాన్‌వాడుక:
పైథాన్‌లో ఈ తప్పు చాలావరకు అక్కడికక్కడే ఆగుతుంది. టైమ్‌జోన్ ఉన్న తేదీనీ, లేని తేదీనీ చిన్నా పెద్దా అని పోల్చితే టైప్ ఎర్రర్ ఇస్తుంది. కానీ సమానమా అని అడిగితే ఎర్రర్ ఇవ్వదు, "కాదు" అంటుంది. అక్కడ మాత్రం చూసుకోవాలి.

రాత్రిషిఫ్ట్:
సమానం అన్నారు కాబట్టి: జావాస్క్రిప్ట్‌లో రెండు డేట్ ఆబ్జెక్టులు ఒకే క్షణానివైనా, సమానమా అని అడిగితే కాదంటుంది. అవి రెండు వేర్వేరు ఆబ్జెక్టులు కదా. గెట్ టైమ్‌తో సంఖ్యలు తీసి పోల్చండి.

డేటాబేస్_గూడు:
ఈ తలనొప్పులన్నిటికీ నేను పాటించేది ఒక్కటే. లోపలికి రాగానే యూటీసీ చేసేయండి, యూటీసీలోనే దాచండి, చూపించేటప్పుడు మాత్రం స్థానిక సమయం. అన్నీ అలాగే.

కళ్లజోడు:
"అన్నీ" అన్న మాట దగ్గర నేను ఒప్పుకోను, గూడు గారూ. జరిగిపోయిన సంఘటన టైమ్‌కి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరే. పుట్టినతేదీకి కాదు. నేను చేరకముందే ఒక సిస్టమ్‌లో పుట్టినతేదీలన్నీ అర్ధరాత్రి టైమ్‌స్టాంపులుగా యూటీసీలో దాచారు. కొంతకాలానికి పడమటి దేశాల వాడకందార్లకు తెరిచారు. వాళ్లందరికీ పుట్టినరోజు ఒకరోజు వెనక్కి చూపించింది. ఒకామె తన తేదీ దిద్దుకుంది, సేవ్ చేసింది, మళ్లీ తెరిస్తే మళ్లీ ముందురోజే. మూడుసార్లు చేసి, నాలుగోసారి కావాలని ఒకరోజు ఎక్కువ పెట్టింది. అలా ఎంతమంది పెట్టారో తెలియదు కాబట్టి, కోడ్ సరిచేశాక కూడా డేటా సరిచేయలేకపోయాం. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. పుట్టినరోజు ఒక క్షణం కాదు, క్యాలెండర్‌లో ఒక గడి. దానికి టైమూ లేదు, టైమ్‌జోనూ లేదు. తేదీ టైప్‌లోనే దాచాలి.

రాబోయే వాటికి కూడా యూటీసీ చాలదు. వచ్చే ఏడాది ఫలానా ఊళ్లో ఉదయం తొమ్మిదికి అపాయింట్‌మెంట్ ఉందనుకోండి. ఈలోపు ఆ ప్రభుత్వం గడియారం నియమం మారిస్తే, మనం ఇప్పుడే లెక్కకట్టి దాచిన యూటీసీ విలువ తప్పు అవుతుంది. మనిషి మాత్రం తొమ్మిదికే వస్తాడు. సమోవా 2011 డిసెంబర్ 30ని క్యాలెండర్ నుంచే తీసేసింది, 29 తర్వాత నేరుగా 31. ఇలాంటివి జరుగుతాయి కాబట్టే టైమ్‌జోన్ డేటాబేస్ ఏడాదిలో పలుసార్లు అప్‌డేట్ అవుతుంది. రాబోయేవాటికి స్థానిక సమయం, దాంతోపాటు జోన్ పేరు దాచండి. ప్లస్ ఐదున్నర లాంటి తేడా మాత్రం దాస్తే నియమం దాచినట్టు కాదు, ఆరోజు ఫలితం దాచినట్టు.

డేటాబేస్_గూడు:
పుట్టినతేదీ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. మా టేబుళ్లలో డేట్ టైప్‌లోనే ఉంది, నేను రాసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అపాయింట్‌మెంట్ల సంగతి నిజంగా ఆలోచించాలి. మా దగ్గర అవి యూటీసీలోనే ఉన్నాయి. సోమవారం మా వాళ్లతో మాట్లాడతాను.

టెస్టర్‌మనిషి:
నేను ఏ తేదీ కోడ్ చేతికొచ్చినా వేసి చూసే రోజులు కొన్ని ఉన్నాయి. రోజు 12 దాటినది ఒకటి, దాటనిది ఒకటి, రెండూ వేరు వేరు అంకెలతో. 05/05 ఎప్పుడూ వద్దు. 2024 ఫిబ్రవరి 29, దానికి ఒక ఏడాది కలిపితే ఏమొస్తుందో. 1900 ఫిబ్రవరి 29 లేదు, 2000 ఫిబ్రవరి 29 ఉంది. ఎక్సెల్ మాత్రం పాత లోటస్ 1-2-3తో కలవడం కోసం 1900లో కూడా ఉందంటుంది. డిసెంబర్ 30, పైన జావా గారు చెప్పిన కారణంగా. 2024 మార్చి 10న న్యూయార్క్‌లో 2:30, ఎందుకంటే ఆరోజు అక్కడ గడియారం రెండు నుంచి మూడుకి దూకింది, 2:30 అనేదే లేదు. నవంబర్ 3న 1:30, అది రెండుసార్లు వచ్చింది. ఆ రోజుల్లో "24 గంటలు కలపడం", "ఒక రోజు కలపడం" వేర్వేరు జవాబులిస్తాయి.

తర్వాత 1700000000 అనే సంఖ్య, అంటే 1970 జనవరి 1 నుంచి గడిచిన కాలం. సెకన్లుగా చదివితే 2023 నవంబర్ 14. మిల్లీసెకన్లుగా చదివితే 1970 జనవరి 20. మీ స్క్రీన్ మీద ఎక్కడైనా జనవరి 1970 కనిపిస్తే ముందు ఇదే చూడండి.

జావా_పాతకాపు:
చూపించే వైపు కూడా ఒక మాట. మా టెస్టులు జావా 20కి మారిన రోజు పడిపోయాయి. రావాల్సింది "3:45 పీఎం", వచ్చింది "3:45 పీఎం". పక్కపక్కన పెట్టి చూసినా తేడా లేదు. చివరికి బైట్లు తీసి చూస్తే, అంకెకూ పీఎంకూ మధ్య ఉన్నది మామూలు స్పేస్ కాదు, విడిపోని సన్న స్పేస్. లొకేల్ డేటా (ఏ ప్రాంతంలో తేదీ, టైమ్ ఎలా చూపించాలో చెప్పేది) కొత్త వెర్షన్‌లో మార్చారు. మనుషులకు చూపించడానికి అచ్చువేసిన స్ట్రింగ్‌ని మళ్లీ పార్స్ చేసే కోడ్ ఎక్కడ ఉన్నా ఇలాగే విరుగుతుంది. ప్రోగ్రామ్‌కీ ప్రోగ్రామ్‌కీ మధ్య ఐఎస్‌ఓ 8601 పద్ధతే పంపండి: సంవత్సరం, నెల, రోజు, అన్నీ సున్నాలతో నింపి. అలా రాస్తే అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమంలోనే వస్తాయి. 15/03/2024, 02/11/2024 లను స్ట్రింగులుగా పేరిస్తే నవంబర్ ముందు వస్తుంది.

తొలిఅడుగు:
రెండు హద్దులూ స్థానిక అర్ధరాత్రికి మార్చాను. 02:15 వచ్చింది, 03:50 పోయింది. ఈసారి 118 వరుసలూ ఒక్కొక్కటీ ఫైలుతో పోల్చాను, అన్నీ మార్చివే. ఫార్మాట్ కుదరని వరుస వస్తే వరుస నంబరుతో సహా ఎర్రర్ ఇచ్చేలా పెట్టాను.

కళ్లజోడు:
బాగుంది. ఒక్క ప్రశ్న. ఫైలులో 02:15 అని ఉంది. అది ఏ గడియారం 02:15?

తొలిఅడుగు:
అది నేను అడగలేదండి. ఇక్కడి సమయమే అనుకున్నాను. పంపే టీమ్‌కి ఇప్పుడే రాస్తున్నాను.

తొలిఅడుగు:
జవాబు వచ్చింది. ఫైలులో టైమ్‌లన్నీ యూటీసీ. రిపోర్టు వాడేవాళ్లనీ అడిగాను, వాళ్లకు కావాల్సింది ఇక్కడి మార్చి.

ఫైలు వరుసలను యూటీసీగా చదివించి మళ్లీ నడిపాను. 31/03/2024 18:40 అంటే ఇక్కడ ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటి 12:10, అది ఏప్రిల్‌కి వెళ్లింది. 29/02/2024 19:05, 29/02/2024 21:30 రెండూ ఇక్కడ మార్చి 1, అవి లోపలికి వచ్చాయి. నేను మొదటి నుంచీ సరైన లెక్క అనుకుని పట్టుకున్న 118 ఎడిటర్‌లో అక్షరాలు వెతికితే వచ్చినది. ఇప్పుడు 119. ఆ మూడు వరుసలనీ వాడేవాళ్ల దగ్గరున్న లెక్కతో చూపించి సరిచూసుకున్నాను, సరిపోయాయి.